పార్టీలో కొత్తవాళ్ళ మధ్య మాట కలిపే ఆటలు: ఏవి ఆడించాలి, ఎలా ఆడించాలి

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. వచ్చినవాళ్ళందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి "ఒక్కొక్కరూ లేచి మీ పేరు, మీరేం చేస్తుంటారో చెప్పండి" అని మాత్రం అడగకండి. ఐస్ బ్రేకర్ (కొత్తవాళ్ళ మధ్య బెరుకు పోగొట్టే ఆట) అంటే ఇదేనని చాలామంది అనుకుంటారు, నేనూ చాలాకాలం ఇదే చేశాను. తన వంతు ఎప్పుడొస్తుందో, లేచి ఏం చెప్పాలో అన్న టెన్షన్‌లో ఉన్న మనిషికి పక్కవాళ్ళ మాట చెవికెక్కదు. 1973లో మాల్కమ్ బ్రెన్నర్ అనే మనస్తత్వ పరిశోధకుడు దీన్ని పరీక్షించి చూశాడు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ళు వంతులవారీగా ఒక్కో పదం పైకి చదువుతూ వెళ్తే, ఎవరికి వాళ్ళు తమ వంతుకు కాస్త ముందు వినిపించిన పదాలనే ఎక్కువగా మర్చిపోయారు. అంటే మీ పక్కన కూర్చున్న మనిషి పేరు, మీరు తప్పకుండా తెలుసుకోవలసిన పేరు, అదే మీకు గుర్తుండదన్నమాట. పైగా మొహమాటస్తులకు ఆ పది నిమిషాలూ నరకం.

కాబట్టి ఆట ఎంచుకునేటప్పుడు నేను చూసేది ఒక్కటే. ఈ ఆటలో ఒక మనిషి నిలబడి ఇరవైమంది చూస్తుంటారా, లేక ఇరవైమందీ ఇద్దరిద్దరుగా, ముగ్గురు నలుగురుగా ఒకేసారి మాట్లాడుకుంటూ ఉంటారా? మొదటి రకం ఆటలు సందడికి బాగుంటాయి, కానీ బాగా తెలిసినవాళ్ళ మధ్య. కొత్తవాళ్ళ మధ్య రెండో రకమే ఆడించాలి.

ఇంకో లెక్క కూడా ముందే చూసుకోండి. 20 మంది వస్తే వాళ్ళలో 190 జంటలుంటాయి. అందరూ అందరికీ పరిచయం కావాలని పట్టుబడితే అది ఒక్క సాయంత్రంలో తెమిలే పని కాదు. ఒక్కొక్కరికీ ముగ్గురో నలుగురో కొత్తవాళ్ళతో మాట కలిస్తే పార్టీ బ్రహ్మాండంగా జరిగినట్టే. సరదా కబుర్లు ఎంతమంది మధ్య నిలుస్తాయన్న దానిమీద రాబిన్ డన్బార్ అనే పరిశోధకుడు చాలా పని చేశాడు, ఆయన చూసినంతలో ఒకే సంభాషణ సాధారణంగా నలుగురిని దాటదు, ఐదో మనిషి చేరగానే అది రెండుగా చీలడం మొదలవుతుంది. మీరే ఏ పార్టీలోనైనా ఓ పక్కన నిలబడి గమనించండి, ఆరుగురు గుంపుగా ఉన్నట్టే కనిపిస్తారు, కానీ దగ్గరికెళ్తే అక్కడ రెండు వేరువేరు కబుర్లు నడుస్తూ ఉంటాయి. అందుకే నా ఆటలన్నీ నలుగురికి మించని గుంపులతోనే.

గుమ్మం దగ్గరే మొదలుపెట్టండి

అందరూ వచ్చాక ఆట మొదలుపెడదాం అనుకుంటే ముందొచ్చినవాళ్ళు అప్పటికే ఫోన్లలో తల దూర్చేస్తారు. ఆఫీసువాళ్ళు ఒక మూల, చుట్టాలు ఒక మూల, పాత స్నేహితులు ఇంకో మూల చేరి కుర్చీలు దగ్గరికి లాక్కుంటారు. ఒకసారి కుర్చీలు సర్దుకున్నాక మనుషుల్ని కదపడం చాలా కష్టం. అందుకని మనిషి లోపలికి అడుగు పెట్టగానే చేతిలో ఏదో ఒకటి పెట్టాలి.

సులువైనది పేరు చీటీ. ఉత్త పేరు సరిపోదు. పేరు కింద ఒక చిన్న విషయం రాయమనండి: "పావురాలను పెంచాను", "చీకటంటే ఇప్పటికీ భయం", "రోజూ నాలుగింటికే లేస్తాను", ఇలాంటివి. పేరు గుర్తుండడం అసలే కష్టం. మనుషుల ఫోటోలు చూపించి పేర్లు, వృత్తులు నేర్పిస్తే పేరు కంటే వృత్తే బాగా గుర్తుంటుందని 1987లో జరిగిన ఒక పరిశోధనలో తేలింది. ఒకే పదాన్ని పేరుగా చెప్పినా, వృత్తిగా చెప్పినా తేడా అలాగే ఉందట. పేరుకు పట్టుకోవడానికి కొక్కెం ఉండదు. పావురాల సంగతి ఆ కొక్కెం అవుతుంది, పైగా "ఎన్ని పావురాలండీ?" అని అడగడానికి ఒక దారి దొరుకుతుంది. అక్షరాలు పెద్దవిగా రాయించండి, స్కెచ్ పెన్ అయితే మంచిది, బాల్ పెన్నుతో రాసింది చదవాలంటే మనిషి ఛాతీ దగ్గరికి వంగాల్సి వస్తుంది, అది ఇద్దరికీ ఇబ్బంది.

రెండోది జంట చీటీలు. సూది ఒక చీటీమీద, దారం ఇంకో చీటీమీద. తాళం, తాళంచెవి. విల్లు, బాణం. ఉరుము, మెరుపు. వచ్చినవాళ్ళకు తలా ఒకటి ఇచ్చి "మీ జత ఎవరి దగ్గరుందో వెతుక్కోండి" అంటే చాలు. జత దొరికాక ఆ ఇద్దరూ కలిసి చేయడానికి ఒక చిన్న పని పెట్టాలి, లేకపోతే "ఓహో, దారం మీరేనా" అని నవ్వుకుని విడిపోతారు. నేను పెట్టే పని ఇది: మీ ఇద్దరికీ కలిసే మూడు సంగతులు కనిపెట్టండి, అవి కంటికి కనిపించేవి కాకూడదు. కళ్ళజోడు, గడ్డం లాంటివి లెక్కలోకి రావు. మొదటి రెండూ గబగబా దొరికిపోతాయి, మూడోదాని కోసమే అసలు కబుర్లు నడుస్తాయి. చీటీలు పంచేటప్పుడు కాస్త తెలివి చూపించాలి, మొగుడూ పెళ్ళాల చేతికి సూదీ దారం ఇవ్వకండి.

అందరి దగ్గరా బాగా పండే ఆట: గడుల కాగితం

ఒకే ఒక్క ఆట చెప్పమంటే దీన్నే చెప్తాను. కొందరు హ్యూమన్ బింగో అంటారు. కాగితం మీద గడులు గీసి, ఒక్కో గడిలో ఒక్కో మనిషిని వర్ణించే మాట రాయాలి. ఆడేవాళ్ళు ఆ మాట ఎవరికి వర్తిస్తుందో అడిగి తెలుసుకుని, ఆ గడిలో వాళ్ళ చేత సంతకం పెట్టించుకోవాలి. 17 నుంచి 30 మంది ఉంటే అడ్డం నాలుగు, నిలువు నాలుగు, మొత్తం 16 గడులు చాలు. 30 మంది దాటితే 25 గడులు. పదిమంది కంటే తక్కువగా ఉన్నచోట ఈ ఆట తేలిపోతుంది, దానికి వేరే ఆటలున్నాయి, కింద చెప్తాను.

ఆటంతా గడుల్లో రాసే మాటల్లోనే ఉంది, ఇక్కడ బద్ధకిస్తే పార్టీలో దెబ్బతింటారు. పార్టీకి రెండు మూడు రోజుల ముందు, వచ్చేవాళ్ళలో ఓ పదిమందికి ఫోన్ చేసి "నీ గురించి ఎక్కువమందికి తెలియనిది ఒకటి చెప్పు" అని అడగండి, ఆటలో వాడుకుంటానని కూడా చెప్పండి. వాటిలో ఆరేడు గడుల్లోకి ఎక్కించండి. మిగతావి ఎవరికైనా వర్తించేలా రాయండి: ఎడమ చేత్తో రాస్తారు, చిన్నప్పుడు ఎముక విరిగింది, ఈత రాదు, కవలలలో ఒకరు, నాలుగు భాషలు మాట్లాడతారు, సైకిల్ తొక్కడం పెద్దయ్యాక నేర్చుకున్నారు, చెట్టెక్కి దిగలేక ఏడ్చారు, నోటితో ఈల వేయగలరు. సులువైనవీ కష్టమైనవీ కలిసి ఉండాలి. అన్నీ సులువైతే రెండు నిమిషాల్లో అయిపోతుంది, అన్నీ కష్టమైతే జనం విసుగొచ్చి కూర్చుండిపోతారు.

రాయకూడనివి కూడా ఉన్నాయి. పెళ్ళి, పిల్లలు, జీతం, వయసు, బరువు, జబ్బులు, మతం, రాజకీయాలు, ఉద్యోగం ఉందా లేదా. "ఇద్దరు పిల్లలున్నవారు" అనే గడి మీకు చాలా మామూలుగా అనిపించవచ్చు. పిల్లల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్న మనిషి దగ్గరికి పదిమంది వరసగా వచ్చి "మీకు పిల్లలా?" అని అడిగితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

నియమాలు మూడు చాలు. ఒక మనిషి మీ కాగితం మీద ఒక్కసారే సంతకం పెట్టాలి. సంతకం పెట్టే ముందు ఆ గడి వెనకున్న కథ ఒక్క ముక్కైనా చెప్పాలి. కాగితం చేతికిచ్చి "మీకు సరిపోయేది చూసుకుని పెట్టేయండి" అనడం కుదరదు, నోటితోనే అడగాలి. ఈ మూడోది లేకపోతే ఆట కాస్తా సంతకాల సేకరణ అయిపోతుంది, నేను చూశాను, ఐదు నిమిషాల్లో అందరి కాగితాలూ నిండిపోయాయి కానీ ఎవరూ ఎవరితోనూ పట్టుమని పది మాటలు మాట్లాడుకోలేదు.

మా ఇంట్లో ఒక పుట్టినరోజు పార్టీలో జరిగింది చెప్తాను. 22 మంది వచ్చారు. మా స్నేహితురాలు వాళ్ళమ్మగారిని ఇంట్లో ఒంటరిగా వదల్లేక వెంట తీసుకొచ్చింది. ఆవిడ కిటికీ పక్క కుర్చీలో చేతులు ఒడిలో పెట్టుకుని కూర్చున్నారు, ఎవరు పలకరించినా చిన్న నవ్వు, అంతే. ఆట చివరికొచ్చేసరికి కాలేజీ కుర్రాడొకడు కాగితం పట్టుకుని ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అమ్మమ్మగారూ, మీకు ఈల వేయడం వచ్చాండీ?"

"ఎందుకు బాబూ?"

"ఈ ఒక్క గడే మిగిలిపోయిందండీ. అందర్నీ అడిగాను, ఎవరికీ రావట్లేదు."

ఆవిడ అటూ ఇటూ చూశారు. కూతురు ఎక్కడుందో చూసుకున్నారనుకుంటా. చీర కొంగుతో పెదాలు తుడుచుకుని, రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఒక్క ఈల వేశారు. గదంతా ఒక్కసారి అటు తిరిగింది. ఆ కుర్రాడికి నోట మాట రాలేదు. "ఎవరు నేర్పించారండీ?" అని అడిగితే "ఎవరు నేర్పిస్తారు నాయనా, మా అన్నయ్యలు వేస్తుంటే గోడ చాటు నుంచి చూసి నేర్చుకున్నా" అన్నారు. తర్వాత ఆవిడ కుర్చీ చుట్టూ ముగ్గురు నలుగురు చేరారు, ఇద్దరు నేర్పమని కూర్చున్నారు, కూతురు వచ్చి "నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా" అంటే ఆవిడ "నువ్వెప్పుడైనా అడిగావా?" అన్నారు. ఆ గడిని నేనేదో నిండడానికి రాశాను. అప్పట్నుంచి ఈల గడి లేకుండా కాగితం తయారు చేయను.

సమయం 15 నిమిషాలు పెట్టండి. మొదట నిండినవాళ్ళకు బహుమతి ఇస్తానంటే పరుగులు తీస్తారు, మాటలు తగ్గిపోతాయి. దానికి బదులు ఆట అయ్యాక "మీరు విన్నవాటిలో ఏ కథ బాగుందో చెప్పండి" అని అడగండి. బహుమతి కథ ఎవరిదో వాళ్ళకీ, అది చెప్పించుకున్నవాళ్ళకీ కలిపి ఇవ్వండి.

నోరు మెదపకుండా పుట్టినరోజుల వరస

ఇది పెద్ద గుంపులకు. జనవరి 1 ఈ గోడ దగ్గర, డిసెంబర్ 31 ఆ గోడ దగ్గర, మధ్యలో అందరూ తమ పుట్టినరోజు ప్రకారం వరసలో నిలబడాలి. ఒక్క మాట మాట్లాడకూడదు, పెదాలు కదపకూడదు, ఫోనులో చూపించకూడదు. వేళ్ళతో, సైగలతోనే. సంవత్సరం అడగకూడదు, వయసుతో మనకు పని లేదు. మాటలు రానివ్వకపోవడంలోనే దీని అందం ఉంది, గలగలా మాట్లాడేవాళ్ళూ మాటలు పెగలనివాళ్ళూ ఇందులో సమానమైపోతారు. ఫిబ్రవరి 29న పుట్టినవాళ్ళుంటే వాళ్ళ సైగలు చూడడమే ఒక వేడుక.

వరస కుదిరాక ఒక చివర నుంచి మొదలుపెట్టి తేదీలు పైకి చెప్పించండి. ఇక్కడో తమాషా ఉంది. గదిలో 23 మంది ఉంటే చాలు, కనీసం ఇద్దరిది ఒకే పుట్టినరోజు అయ్యే అవకాశం సగం కంటే కాస్త ఎక్కువ. 30 మంది ఉంటే 70 శాతం. 40 మందికి దాదాపు 89 శాతం. 365 రోజులుండగా ఇదెలాగని అందరూ అడుగుతారు. చూడాల్సింది మనుషుల సంఖ్యను కాదు, జంటల సంఖ్యను, 23 మందిలో 253 జంటలుంటాయి మరి. అలాంటి ఇద్దరు దొరికితే చాలు, గదిలో ఊపు వచ్చేస్తుంది, "మీరు కూడానా!" అని ఒకరి చెయ్యి ఒకరు పట్టేసుకుంటారు. ఆ ఇద్దరికీ ఇంక మీరు పరిచయం చేయక్కర్లేదు.

అక్కడితో ఆపకండి. వరసను మధ్యకు మడవండి. జనవరి మనిషి నడుచుకుంటూ వచ్చి డిసెంబర్ మనిషి ఎదురుగా నిలబడాలి, వెనకాలవాళ్ళు వెనకాలే వస్తారు, చివరికి రెండు వరసలు ఎదురెదురుగా ఉంటాయి. ఇప్పుడు మీరో ప్రశ్న వేయాలి, ఎదురుగా ఉన్న ఇద్దరూ రెండు నిమిషాలు మాట్లాడుకోవాలి. తర్వాత ఒక వరస ఒక అడుగు పక్కకు జరగాలి, చివర మిగిలినవాళ్ళు ఈ చివరకు రావాలి. కొత్త జత, కొత్త ప్రశ్న. ఐదారు సార్లకు మించి తిప్పకండి, నిలబడి నిలబడి కాళ్ళు లాగుతాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళను మొదటే కుర్చీల్లో కూర్చోబెట్టి, వాళ్ళను కదలని వరసలో పెట్టండి, ఎదుటివాళ్ళే జరుగుతారు.

ప్రశ్నలు ఎలా ఉండాలంటే

1997లో ఆర్థర్ ఆరన్, ఆయనతో పనిచేసినవాళ్ళు ఒక ప్రయోగం గురించి రాశారు. ఒకరికొకరు తెలియని ఇద్దరిని కూర్చోబెట్టి 36 ప్రశ్నలిచ్చారు, మూడు విడతలు, మొత్తం 45 నిమిషాలు. మామూలు కబుర్లు చెప్పుకున్న జంటల కంటే వీళ్ళు ఒకరికొకరు ఎక్కువ దగ్గరైనట్టు చెప్పారు. పార్టీలో ఆ 36 ప్రశ్నలూ ఎవరూ వేయక్కర్లేదు, అది వేరే సందర్భానికి పనికొచ్చేది. కానీ అందులోని పద్ధతి మాత్రం తీసుకోండి: తేలిక ప్రశ్నతో మొదలుపెట్టి మెల్లగా లోతుకు వెళ్ళడం, ఇద్దరూ వంతులవారీగా చెప్పడం. ఒకరే అడుగుతూ ఒకరే చెప్తూ పోతే అది ఇంటర్వ్యూ అవుతుంది.

నేను వాడే వరస దాదాపు ఇలా ఉంటుంది. మొదట: ఈ వారంలో మిమ్మల్ని నవ్వించిన సంగతేమిటి? తర్వాత: చిన్నప్పుడు ఏమవుదామనుకున్నారు, ఎన్నేళ్ళకు ఆ కోరిక మారింది? ఆ తర్వాత: మీ ఇంట్లో పనికిరాకపోయినా పారేయలేనిది ఏముంది? చివర్లో: మీకు ఒక పని చేయడం నేర్పిన మనిషి గురించి చెప్పండి. పారేయలేని వస్తువు ప్రశ్నకు రెండు నిమిషాలు ఎప్పుడూ చాలవు. పగిలిన వాచీ, తాళం లేని పెట్టె, ఎవరో రాసిన ఉత్తరం, ప్రతి ఇంట్లోనూ ఒకటుంటుంది, దాని వెనక ఒక మనిషి ఉంటారు. "మీరేం చేస్తుంటారు?" అన్న ప్రశ్న మాత్రం నేను ఎప్పుడూ వేయను. అది ఎలాగూ వాళ్ళే అడుక్కుంటారు.

ఇవి ఆడేటప్పుడు పాటల సౌండ్ బాగా తగ్గించండి, వీలైతే ఆపేయండి. పదిమంది మాట్లాడుతున్నా మనం ఒక్క గొంతును పట్టుకుని వినగలం, 1953లో కాలిన్ చెర్రీ అనే ఆయన దీనిమీద ప్రయోగాలు చేశాక దానికి కాక్‌టెయిల్ పార్టీ పేరే పెట్టారు. కానీ వినికిడి తగ్గినవాళ్ళకు ఇదే అన్నింటికంటే కష్టం. పెద్దవాళ్ళు పార్టీల్లో ముభావంగా ఉంటే వాళ్ళకు ఇష్టం లేదనుకుంటాం, చాలాసార్లు వినపడక ఊరుకుంటారు.

చిన్న గుంపులకు

ఆరుగురి నుంచి పన్నెండుమంది వరకైతే రెండు నిజాలు, ఒక అబద్ధం ఆడండి. అందరికీ తెలిసిన ఆటే, అయినా సరిగ్గా ఆడేది తక్కువ. ఎవరికి వాళ్ళు తమ గురించి మూడు మాటలు చెప్పాలి, అందులో ఒకటి అబద్ధం, అదేదో మిగతావాళ్ళు కనిపెట్టాలి. నలుగురేసి గుంపులుగా విడగొట్టండి. ఆలోచించుకోవడానికి ఐదు నిమిషాలు, కాగితం, పెన్ను ఇవ్వండి, అప్పటికప్పుడు చెప్పమంటే ఎవరికీ ఏమీ తోచదు, "నా గురించి చెప్పుకోవడానికి ఏముంది" అంటారు. రాసేటప్పుడు ఒక చిట్కా చెప్పండి: నిజాలు వింతగా ఉండాలి, అబద్ధం చప్పగా ఉండాలి. "నేను ఒకసారి బావిలో పడ్డాను, నాకు కుక్కలంటే భయం, మా ఇంట్లో ఎనిమిదిమంది అన్నదమ్ములం" అని చెప్తే అందరూ బావి మీదకే వెళ్తారు, తీరా కుక్కల భయం అబద్ధమని తెలిశాక బావి కథ చెప్పక తప్పదు. తీర్పు చెప్పే ముందు గుంపులో ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్న వేయవచ్చని పెట్టండి, ఆ ప్రశ్నల్లోనే మనిషి బయటపడతాడు.

నేనెవరు ఆట కూడా ఇలాంటి గుంపులకే. ప్రతి ఒక్కరి వీపు మీద అందరికీ తెలిసిన ఒక ప్రసిద్ధ వ్యక్తి పేరో జంతువు పేరో అంటించాలి, వాళ్ళు తిరుగుతూ అవును, కాదు అని మాత్రమే జవాబొచ్చే ప్రశ్నలు వేసి తామెవరో కనుక్కోవాలి. ఒక మనిషిని రెండు ప్రశ్నలకు మించి అడగకూడదని పెట్టండి, లేకపోతే ఒక్కరికే అతుక్కుపోతారు. ఇరవై ప్రశ్నలు చాలా తక్కువనుకుంటాం కానీ ప్రతి ప్రశ్నా మిగిలినవాటిని సగానికి తెగ్గోస్తే ఇరవయ్యో ప్రశ్నకు పది లక్షలకు పైగా వస్తువుల్లోంచి ఒకదాన్ని పట్టుకోవచ్చు. అందుకే "నేను ఏనుగునా?" అని కాకుండా "నేను నీళ్ళలో ఉంటానా?" అని మొదలుపెట్టమని చెప్పండి. పిల్లలుంటే పేర్లన్నీ జంతువులవే పెట్టండి. మనుషుల పేర్లైతే అందరి తరానికీ తెలిసినవి ఏరుకోవాలి, వీపు మీద ఉన్న పేరు తనకే తెలియకపోతే పాపం ఆ మనిషికి చిన్నతనంగా ఉంటుంది.

అసలు మాట్లాడడమే ఇబ్బందిగా ఉన్నవాళ్ళు ఎక్కువమంది ఉంటే మడత బొమ్మ వేయించండి. కాగితాన్ని మూడు మడతలు పెట్టి, మొదటి మనిషి పైమడతలో తల వేసి, మెడ గీతలు మాత్రం కిందికి కొంచెం కనిపించేలా మడిచి పక్కవాళ్ళకివ్వాలి. రెండోవాళ్ళు మొండెం, మూడోవాళ్ళు కాళ్ళు. విప్పి చూస్తే చేప తల, సైనికుడి ఒళ్ళు, కోడి కాళ్ళు. 1925 ప్రాంతంలో పారిస్‌లో సర్రియలిస్టు కళాకారులు, అంటే కలల్లాంటి వింత ఊహలను కళగా మలిచేవాళ్ళు, ఇదే ఆటను మాటలతో మొదలుపెట్టి బొమ్మలతోనూ ఆడేవారు. బొమ్మ రాదన్నవాళ్ళను కూడా కూర్చోబెట్టండి, ఎంత వంకరగా వస్తే అంత బాగుంటుంది. ముగ్గురూ కలిసి దానికో పేరు పెట్టాలి. చేతులకు పని ఉంటే నోళ్ళు వాటంతటవే కదులుతాయి, తల వంచుకుని గీస్తూ మాట్లాడడం కళ్ళలోకి చూస్తూ మాట్లాడడం కంటే చాలా తేలిక.

మొదటే ఆడించకూడనివి

చేతులు అడ్డదిడ్డంగా పట్టుకుని ముడి విప్పుకునే ఆట వద్దు. కొత్తవాళ్ళను తాకడం చాలామందికి ఇష్టం ఉండదు, ఇష్టం లేదని పైకి చెప్పలేరు, భుజాలు పట్టేసే ప్రమాదం కూడా ఉంది. మూకాభినయం చేసి పేర్లు కనిపెట్టే ఆటలు రాత్రి సగమయ్యాక బాగుంటాయి. మాఫియా ఆట నాకు చాలా ఇష్టం, 1980లలో మాస్కో విశ్వవిద్యాలయంలో డిమిత్రీ డేవిడాఫ్ అనే సైకాలజీ విద్యార్థి తయారు చేసింది, కానీ అందులో ఒకరినొకరు అనుమానించి, వేలెత్తి చూపించి, బయటికి పంపాలి. పేరు కూడా సరిగ్గా తెలియని మనిషిని మొదటి రౌండ్లోనే పంపేస్తే ఆ మనిషి మిగతా ఆటంతా ఒక్కడే కూర్చోవాలి. పరిచయాలయ్యాక ఆడుకోండి.

ఆడించేవాళ్ళు గుర్తుంచుకోవలసినవి

నియమాలు మూడు వాక్యాల్లో చెప్పలేకపోతే ఆ ఆట వద్దు. చెప్పాక మీరే ఒకరితో అర నిమిషం ఆడి చూపించండి, ఆ ఒకరితో ముందే మాట్లాడి పెట్టుకోండి. "ఇప్పుడొక ఆట ఆడదాం, అందరూ తప్పకుండా ఆడాలి" అని మాత్రం అనకండి, సగంమంది మొహాలు మాడిపోతాయి. ఆడననేవాళ్ళను బతిమాలకండి, ఏడిపించకండి. వాళ్ళకొక పని అప్పజెప్పండి: టైమర్ పట్టుకోవడం, చీటీలు పంచడం, ప్రశ్నలు చదవడం. పది నిమిషాలు చూశాక వాళ్ళే లోపలికొచ్చేస్తారు, రాకపోయినా నష్టం లేదు, చీటీలు పంచుతూ అందరినీ ఒకసారి పలకరించారు కదా.

ఆలస్యంగా వచ్చేవాళ్ళ కోసం నాలుగు కాగితాలు అదనంగా పెట్టుకోండి, వాళ్ళను ఆటలోకి లాక్కెళ్ళే బాధ్యత ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. మీరు అన్నీ చూసుకోలేరు.

ఆటను ఎప్పుడు ఆపాలో చాలామందికి తెలియదు. జనం విసుగు పడేదాకా లాగకూడదు, ఇంకా ఉంటే బాగుండుననిపించినప్పుడే ఆపాలి. ఒక్కోసారి ఆట మధ్యలోనే గుంపులు కబుర్లలో పడిపోయి మీ ప్రశ్న వినిపించుకోరు. అప్పుడు గిన్నె మీద గరిటెతో కొట్టి వాళ్ళను మళ్ళీ ఆటలోకి లాగకండి. మీకు కావలసింది అదే కదా, వదిలేయండి.

ఆట అయ్యాక ఇంకో పనుంది, ఇది ఎవరూ చేయరు. కొత్తవాళ్ళతో మాట్లాడాక ఎదుటివాళ్ళకు మనం నచ్చామో లేదో అని మనసులో పీకుతూ ఉంటుంది. నిజానికి మనమనుకున్న దానికంటే ఎక్కువే నచ్చి ఉంటామని 2018లో ఎరికా బూత్‌బీ, ఆమె సహ పరిశోధకులు చూపించారు. ఆ సంగతి వాళ్ళకు తెలియదు, మీకు తెలుస్తుంది. "ఆయన మీ పావురాల గురించి ఇందాకట్నుంచి చెప్తూనే ఉన్నారండీ" అని ఒక మాట చేరవేయండి. నిజంగా అన్నదే చెప్పండి, కల్పించకండి. అది విన్న మనిషి మళ్ళీ వెళ్ళి ఆయన్ని తనంతట తానే పలకరిస్తారు.

మర్నాడు అందరి నంబర్లూ కలిపి గ్రూపు పెట్టేయాలనిపిస్తుంది. అడగకుండా పెట్టకండి, తన నంబరు ఇరవైమంది కొత్తవాళ్ళ చేతికి వెళ్ళడం కొందరికి నచ్చదు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఒక కాగితం, పెన్ను పెట్టి "గ్రూపులో ఉండాలనుకునేవాళ్ళు నంబరు రాసి వెళ్ళండి" అని చెప్పండి, రాసినవాళ్ళనే చేర్చండి. గడుల కాగితాలు మాత్రం ఊడ్చి పారేయకండి, ఇంటికి తీసుకెళ్తామని అడిగేవాళ్ళు ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు ఉంటారు, సంతకాల పక్కన ఎవరి కథ ఏమిటో గుర్తుకోసం రాసుకుని మరీ తీసుకెళ్తారు.